ఈ ముఖం ఇంకెవరికైనా ఉందా

నమోదు 41. సోమవారం.

ఉదయం నీళ్ళ బండి వచ్చే వేళకు ఎవరో వీధి తలుపు కొట్టారు. మా తలుపును ఎవరూ కొట్టరు. తెలిసిన ముఖమైతే అదే తెరుచుకుంటుంది, తెలియనిదైతే లోపల గంట మోగుతుంది. ఇవాళ గంట మోగలేదు. గడప మీద ఎర్ర దీపం మాత్రం వెలిగింది. బిందె దించి వెళ్ళి చూస్తే పక్క వీధిలో ఉండే పెద్దమ్మ.

"ఏటే గుంటా, మీ తలుపు నన్ను మరిసిపోనాదా?"

"అమ్మ భోపాల్‌లో ఉంది కదా పెద్దమ్మా. ఆసుపత్రిలో ముఖం చూపించి చేరింది. అదే ముఖం ఇక్కడ గడప ముందు నిలబడితే తలుపు ఎలా ఒప్పుకుంటుంది?"

"అయితే నానెవర్ననుకున్నాది?"

"దొంగవనుకుంది."

"ముప్పయ్యేళ్ళకి కనిపెట్టేసినాది" అని పకపకా నవ్వి, చెప్పులు విడిచి, నా చేతిలోంచి బిందె లాక్కుంది.

మా అమ్మ పేరు ఇందుమతి. పెద్దమ్మ పేరు చంద్రమతి. ఇద్దరూ కవలలు, పెద్దమ్మ పది నిమిషాలు ముందు పుట్టింది. ఇద్దరిదీ ఒకే ముఖం. ముఖాల లెక్క జరిగిన రోజున ఆ ముఖం అమ్మ పేరున ఎక్కింది. పెద్దమ్మకు ఏ ముఖమూ ఎక్కలేదు, అందుకని ఏ పత్రమూ లేదు. కంటిపాపల నకళ్ళు సంతలో దొరకడం మొదలైన ఏడాది కంటి గుర్తులు రద్దయ్యాయి. వేలిముద్రలంటారా, జీడి బట్టీలో పిక్కలు కొట్టీ కొట్టీ పెద్దమ్మ వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా, చింతగింజల్లా ఉంటాయి.

వచ్చిన పని ఆసుపత్రి కబురు. నిన్న నాకు వచ్చింది, నేనే బట్టీకి పరుగెత్తి చెప్పాను. అమ్మ ఎముకల్లో మూలుగ ఎండిపోయింది, కొత్త రక్తం పుట్టడం లేదు. పెద్దమ్మ మూలుగ ఎక్కిస్తే పుడుతుంది, ఇంకెవరిదీ పనికిరాదు. జ్వరం తగ్గడం లేదు కనుక వచ్చే సోమవారం దాటకూడదన్నారు. రోడ్డు మీద వెళ్తే నాలుగు ఏరుల దగ్గర వంతెనలు లేవు, పడవలకు ఆగుతూ పదకొండు రోజులు. కొండదిగువ విమానాశ్రయం నుంచి విమానం బుధ, శుక్ర, ఆదివారాల్లో ఉంది.

"బేగి సెప్పు, ఏ రోజు ఎల్దుం?" అంది పెద్దమ్మ.

ఇక్కడ ఒక మాట రాయాలి. ఈ పుస్తకం మా భాషా మాష్టారు ఇచ్చారు. జూన్‌లో విద్యాలయంలో చేరేలోగా రోజూ జరిగింది రాయమన్నారు. అలంకారాలు తరవాత చూద్దామన్నారు. నేను అలంకారాలే ముందు చూసుకున్నాను. ఇంతకుముందు రాసిన నలభై నమోదుల్లో పదకొండు వాన మీద ఉన్నాయి. ఈ ఏడు వాన పడింది రెండుసార్లు.

నమోదు 42. మంగళవారం.

టికెట్టు అమ్మ పేరున తీశాను. అమ్మ ముఖమే కదా అనుకున్నాను. 

ఇక బయట తిరగొద్దని ఎండ సైరను మోగేలోపే పెద్దమ్మ బట్టీ నుంచి వచ్చేసింది. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి ఇచ్చాను. కట్టుకుని అద్దం ముందు నిలబడి, "అచ్చం మీ అమ్మే" అంది. తరవాత చేతులు వెనక దాచుకుని, "ఇప్పుడింకా అచ్చం" అంది.

"ఇందు అక్కడుండగా నాను ఇక్కడ గేటు కాడ నిలబడితే ఒప్పుద్దేటే? మీ తలుపే ఒప్పలేదు."

"తలుపు మనది, గేటు వాళ్ళది. రెండూ మాట్లాడుకోవు పెద్దమ్మా" అన్నాను.

ఎంత తెలిసినట్టు అన్నానో. పెద్దమ్మ చెల్లెలి కోసం పావు సంచీ జీడిపప్పు మూట కట్టుకుంది. ఆసుపత్రిలో తిననివ్వరన్నాను. "సూడ్డానికైనా" అంది.

నమోదు 43. బుధవారం.

తలుపూ గేటూ మాట్లాడుకుంటాయి.

కొండదిగువ చేరేసరికి ఏడయింది. మనుషులు ఒకరి వెనక ఒకరు గాజు కమాను కింద నుంచి వెళ్తున్నారు. ఆగే పని లేదు, పేరు పలికి పచ్చదీపం వెలుగుతోంది. పెద్దమ్మ పాదం పెట్టగానే కమాను చాలా మర్యాదగా అంది: "ఇందుమతి గారూ, మీరు ప్రస్తుతం భోపాల్‌లో ఉన్నారు. దయచేసి పక్కకు నిలబడండి."

"సూసినావా! నాను బోపాల్ ఎప్పుడో ఎల్లిపోనాను. టికెట్టు దండగ" అంది పెద్దమ్మ. వెనక ఉన్నవాళ్ళు కొందరు నవ్వారు. నేనూ నవ్వాను, వాళ్ళతో పాటు, ఆవిడ ఎవరో తెలియనట్టు.

మమ్మల్ని నోటిపత్రాల గదికి పంపారు. ఆ గదిలో ముఖం చూసి తేల్చే యంత్రం లేదు. గొంతులకు కూడా నకళ్ళు వచ్చాక ఆ పని మళ్ళీ మనుషులకే ఇచ్చారట. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల వెనక జుబేదా గారనే అధికారి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆవిడ ఉద్యోగం వినడం. ముఖం లెక్కలో లేనివాళ్ళు తామెవరో, ఎందుకు లేరో తమ నోటితో చెప్పాలి, రక్తసంబంధం ఉన్నవాళ్ళొకరు పక్కన నిలబడి అవుననాలి. ఆవిడ నమ్మితే ప్రయాణం. ఎవరికైనా రెండుసార్లే అవకాశం.

"చెప్పే ముందు మీ చెల్లెలి నమోదు చూద్దాం" అని ఆవిడ తెర మా వైపు తిప్పారు.

పదహారేళ్ళ అమ్మ ఉంది అందులో. రెండు జడలు. కింద ఆ రోజు అడిగిన ప్రశ్నలూ, అమ్మ చెప్పిన జవాబులూ వరసగా ఉన్నాయి. అయిదో ప్రశ్న: ఈ ముఖం ఇంకెవరికైనా ఉందా? జవాబు: లేదు.

ఇంట్లో నాకు తెలిసిన కథ వేరు. లెక్కల వాళ్ళు వచ్చిన రోజు పెద్దమ్మ జీడితోటలో ఉండిపోయిందనీ, తిరిగొచ్చేసరికి పందిరి ఎత్తేశారనీ, అమ్మ చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా పెద్దమ్మ అక్కడే కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉండేది.

"ఉందని చెప్పి ఉంటే?" అని అడిగాను.

"ఇద్దరికీ జంట గుర్తు వేసేవాళ్ళు. ఆ రోజుల్లో జంట గుర్తు ఉన్నవాళ్ళు ఏ పనికైనా ఇద్దరూ కలిసి రావాలి. పరీక్షకైనా, బండెక్కడానికైనా. తరవాత ఆ పద్ధతి తీసేశారనుకో" అన్నారు జుబేదా గారు. తరవాత పెద్దమ్మను చూసి నెమ్మదిగా చెప్పారు. "ఇప్పుడు మూడే దార్లమ్మా. మీ చెల్లెలు అబద్ధం చెప్పి ఉండాలి. లేదా మీరు లెక్క తప్పించుకుని పారిపోయి ఉండాలి. అదీ కాకపోతే మీరు నకలు. ఇవాళ వద్దు, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి."

"ఒక్కో దారికి ఏమవుతుంది?" అని నేనే అడిగాను. అమ్మకు ఎలా ఉందని ఎవరూ అడక్కముందే ఇది అడిగానని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

నకలని తేలితే ప్రయాణమే లేదు. పారిపోయినవాళ్ళకు ఒకవైపు ప్రయాణం ఇస్తారు. తిరుగు విమానం ఉండదు, ఇక ఎన్నటికీ లెక్కలో ఎక్కరు. అమ్మ అబద్ధమని తేలితే అమ్మ ముఖం విచారణలో పడుతుంది. వైద్యం ఆపరు. ఆ ముఖం మీద వచ్చినవన్నీ ఆపుతారు. అంటే అమ్మ బడి ఉద్యోగం. అంటే ఉపాధ్యాయుల పిల్లల వరసలో విద్యాలయంలో నాకు వచ్చిన సీటు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో పెద్దమ్మ చీర కొంగు చేతులకు చుట్టుకుని నిద్రపోయింది. నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ ఇల్లు దాటే ముందు నన్ను అడిగేది, "ఇందు ఎక్కడున్నాదే?" అని. బడిలో ఉందంటే ఆగిపోయేది. ఇంట్లో ఉందంటే బయల్దేరేది. అమ్మ ముఖం బయట ఏదో ఒక గడప దగ్గర హాజరు పడి ఉన్న గంటల్లో తన ముఖం ఇంకో గడపకు కనబడకూడదు. సంతకైనా, సరుకుల కొట్టుకైనా, డాక్టరు దగ్గరకైనా. రోజుకు నాలుగైదుసార్లు అడిగేది. చెల్లెలంటే ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఆరో తరగతిలో దాని మీద వ్యాసం కూడా రాశాను. బహుమతి వచ్చింది.

నమోదు 44. గురువారం.

బట్టీకి వెళ్ళాను. పెద్దమ్మ వేళ్ళకు బూడిద రాసుకుని పిక్కలు కొడుతోంది. ఒక దెబ్బకు ఒకటి, పప్పు విరగకుండా.

"నువ్వు ఆ రోజు తోటలో లేవు" అన్నాను.

"నేదు."

"ఎక్కడున్నావు?"

"దాని యెనకే. లైన్లో."

"విన్నావా?"

"సెవులున్నాయి కదే."

"అమ్మ ఎందుకలా చేసింది?"

"అది సిన్నపిల్లే. పదారేళ్ళు."

"మరి నువ్వో?"

లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు మడిచింది. "నానూ పదారేళ్ళే అనుకో" అంది.

నాలుగు పిక్కలు కొట్టాక తనే అంది. "నాను పారిపోనానని రాసేయ్. బేగి తేలిపోద్ది."

"తిరుగు విమానం ఉండదు పెద్దమ్మా."

"నడిసొచ్చేత్తాను. పదకొండ్రోజులే కదా. ఊర్లు సూసినట్టుంటాది."

"ఇక ఎప్పటికీ ముఖం ఎక్కదు."

"ఇన్నాళ్ళూ ఎక్కిందేటి? నీ సదువు పోకూడదే. బాగా రాత్తావంట కదా, మాష్టారు అందరికీ సెప్తాడు. రాయి. నాను బట్టీ పట్టేత్తాను."

వద్దని ఒక్కసారి అన్నాను. ఒక్కసారే. రెండోసారి అంటే ఒప్పుకుంటుందేమో అని భయమేసి అనలేదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. కొట్టేద్దామనుకున్నాను, మాష్టారి మాట గుర్తొచ్చి వదిలేశాను.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, రాస్తుంటే ఆనందంగా ఉంది. మాటలు వాటంతటవే వచ్చాయి. పందిరి, పందిరి దాటి జీడితోటల నీడ, పట్టు తప్పిన పదహారేళ్ళ వయసు. చివర్లో ఒక పంక్తి పెట్టాను: "నాటి నా అవివేకానికి నేడు పశ్చాత్తాపమే నా ఏకైక పత్రం." దాన్ని నాలుగుసార్లు బయటికి చదువుకున్నాను. అమ్మ జ్వరం గురించి ఆ గంటలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

సాయంత్రమంతా పెద్దమ్మ నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని వల్లె వేసింది. చదవడం రాదు కనుక నేను ఒక్కో ముక్క చెప్తుంటే అనేది. తప్పితే నేను కసిరాను. "అవివేకం పెద్దమ్మా, అయివేకం కాదు." "అవివేకం, అవివేకం" అంటూ తల ఊపింది, పంతులమ్మ ముందు పిల్లలా.

నమోదు 45. శుక్రవారం.

ఇవాళ్టిది త్వరగా రాసేస్తాను.

జుబేదా గారు కళ్ళు మూసుకుని విన్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది. కూర్చోవచ్చమ్మా అన్నా కూర్చోలేదు. చేతులు వెనక పెట్టుకుని, పైకప్పు చూస్తూ, నేను రాసింది అప్పజెప్పింది. నా అందమైన పంక్తులు ఒక్కొక్కటీ ఆవిడ నోట్లోంచి వస్తుంటే, చేయని తప్పును ఆవిడ నా మాటల్లో ఒప్పుకుంటుంటే, గోడవైపు చూశాను. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. నా వైపు తిరిగింది. నేను పెదవులతో అందించాను. అవును, అందించాను.

అయిపోయాక జుబేదా గారు కళ్ళు తెరిచారు.

"పశ్చాత్తాపం అన్నారు కదమ్మా. అంటే ఏమిటి?"

పెద్దమ్మ ఏమాత్రం తడుముకోలేదు. "అది మా గుంటనడగండమ్మా. దానికి తెలుసు."

బయట విమానం ఎక్కేవాళ్ళను పేరుపేరునా పిలుస్తున్నారు.

"ఇక్కడ సొంత మాట కావాలి" అన్నారు జుబేదా గారు. "ఇది సొంత మాట కాదు. ఒక అవకాశం అయిపోయింది." ఆ తరవాత నన్ను చూశారు. కోపంగా కాదు. "నువ్వేనా రాసింది? బాగా రాశావు."

ఇంతవరకు నా రాతను చాలామంది మెచ్చుకున్నారు, ప్రతిసారీ ఇంటికొచ్చి ఆ మాటను తారీఖుతో రాసుకున్నాను. ఈ మెచ్చుకోలు కూడా రాస్తున్నాను. మాట నాకు తెలుసని పెద్దమ్మ అంది. అర్థం రాయమంటే రాయగలను, పర్యాయపదాలతో సహా. అది నాకు కలగవలసిన వేళలో మాత్రం కలగలేదు.

బయటికొచ్చాక పెద్దమ్మే నన్ను ఓదార్చింది. "నానే పాడు సేసినాను. ఆ నడిమిది మరిసిపోనాను కదే. ఆదోరం బాగా సెప్తాను సూడు." సంచీలోంచి జీడిపప్పు తీసి చేతిలో పెట్టింది. చెల్లెలి కోసం కట్టిన మూటలోంచి.

తిన్నాను.

నమోదు 46. శనివారం.

అమ్మతో మాట్లాడాను. ఆసుపత్రి వాళ్ళు రోజుకు మూడు నిమిషాలు ఇస్తారు. తెర మీద అమ్మ ముఖం చూసి మొదట పెద్దమ్మ ఎప్పుడు వెళ్ళిపోయిందా అనుకున్నాను. చిక్కిపోయాక ఇద్దరూ మరీ ఒకేలా ఉన్నారు. ఇన్నాళ్ళూ అమ్మ బుగ్గల వల్ల తేడా తెలిసేది.

"అప్ప ఏదే? బయల్దేరిందా?"

జరిగింది చెప్పాను. అయిదో ప్రశ్న చూశానని కూడా చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుంది. మూడు నిమిషాల్లో ఒక నిమిషం అలాగే పోయింది.

"ఒక్క ఏడాదనుకున్నానే. పరీక్ష రాసి వచ్చి చెప్పేద్దామనుకున్నాను. తరవాత ఉద్యోగం వచ్చింది. తరవాత నువ్వు పుట్టావు."

"ఇప్పుడు చెప్పమంటావా?"

"అప్ప పారిపోయానని చెప్తానంటోంది కదా. అదే సొంత మాటల్లో చెప్పమను. చిన్న మాటల్లో. నీ సీటు పోతే..." ఊపిరి అందలేదు. నర్సు చెయ్యి తెరకు అడ్డం వచ్చింది. ఆ చెయ్యి పక్క నుంచి అమ్మ అంది, "నేనిలా అన్నానని దానికి చెప్పకు."

తెర నల్లబడింది. అమ్మ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అమ్మ ఇవాళ అన్నది నేను గురువారమే చేసేశాను. అప్పుడు అమ్మకు పదహారేళ్ళు, యంత్రం ముందు నిలబడి అప్పటికప్పుడు ఒక్క చిన్న మాట అంది. నాకు పద్దెనిమిది, తీరిగ్గా కూర్చుని, కొట్టివేతలతో, మేలిప్రతి తీసి మరీ రాశాను.

సైరను మోగేలోపు బట్టీకి వెళ్ళి పెద్దమ్మతో అన్నాను. "రేపు నువ్వు ఏమీ వల్లె వేయనక్కర్లేదు."

"మరేటి సెప్పాల?"

"ఏమీ చెప్పకు. ముందు నేను చెప్తాను."

అనుమానంగా చూసింది. "పిచ్చి పనులు సేసినావంటే సెంప పగిలిపోద్ది" అంది. ఆ నల్ల వేళ్ళతో నన్ను ఎప్పుడూ కొట్టలేదు. నా జడలు కూడా వెడల్పాటి దువ్వెనతో, వేళ్ళు తగలకుండా దువ్వేది. జీడి రసం అంటుకుంటే చర్మం పొక్కుతుందని. నేను మాత్రం, వేళ్ళు ఎవరైనా చూస్తారని బడి దగ్గరికి రావద్దనేదాన్ని. అది కూడా ఇక్కడే రాసేస్తున్నాను.

నమోదు 47. ఆదివారం.

జుబేదా గారు అడక్కముందే చెప్పాను. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మా అమ్మ అబద్ధం చెప్పింది. పెద్దమ్మ పారిపోలేదు, లైన్లో అమ్మ వెనకే ఉంది. శుక్రవారం చెప్పిన కథ నేను రాశాను. నా సీటు పోతుందని రాశాను."

"నోర్ముయ్యే!" అని పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దాని మాట వినకండమ్మా. సిన్నగుంట. దానికేటి తెలుసు, అప్పటికి పుట్టిందా?"

"పుట్టలేదు" అన్నారు జుబేదా గారు. "అందుకే మీరు చెప్పాలి. మీ సాక్షి ఇలా అన్నాక ఇక రెండో కథ చెల్లదమ్మా. కాదని అంటే మీరు నకలు కింద మిగిలిపోతారు. విమానానికి ముప్పావు గంట ఉంది. మీ చెల్లెలికి రేపటిదాకా ఉంది."

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసింది. ఈసారి కూర్చుంది. చేతులు బల్ల మీద పెట్టింది, వేళ్ళు కనబడేలా. పైకప్పు చూడలేదు.

"జంట గుర్తేత్తే ఇద్దరం ఒక్క కాడే ఉండాలమ్మా. దానికి సదువు కావాల. నాకు సదువు అంటలేదు, ఒప్పుకుంటాను. నాను ఒక్కడుగు యెనకున్నాను. మిసను అడిగినాది. ఇది యెనక్కి తిరిగి నన్ను సూసినాది. సూసి, నేదన్నాది."

"చూసి అందా?"

"సూసే అన్నాది. నానూ సూసినాను. తరవాత నా వంతొచ్చినాది. నిలబడితే ఎర్ర దీపం. ఆ బాబు 'ఇప్పుడే కదమ్మా ఎక్కినావు, ఎన్నిసార్లెక్కుతావు' అని నవ్వినాడు. నానూ నవ్వేసి ఒచ్చేసినాను."

"మీరెందుకు చెప్పలేదు?"

"సెప్తే దాని మొకం కొట్టేద్దురు కదా."

"తరవాత ఎప్పుడైనా మీ చెల్లెలు ఈ సంగతి మాట్లాడిందా?"

"నేదమ్మా. ఏటని మాటాడుద్ది? మా ఇంటికొచ్చినా అన్నం గిన్నె కేసి సూత్తాది, గోడ కేసి సూత్తాది. నా మొకం సూడదు. దాని మొకమే కదా, అద్దంలో సూసుకుంటాదిలే అనుకునీదాన్ని. కోపం నేదా అని అడుగుతారు మీరు. ఉన్నాది. మా గుంట పుట్టినప్పుడు ఆసుపత్రి నోపలికి రానివ్వనేదు నన్ను. తల్లి నోపలుంటే తల్లి బయటెలాగుంటాదని. ఆ రోజు గేటు కాడ మట్టిలో కూకుని తిట్టినాను దాన్ని. తిట్టినన్ని తిట్లు తిట్టి, కానుపు బాగా అవ్వాలని మొక్కుకున్నాను. ఇప్పుడు బతకాల. బతికినాక తిడతాను ఎదురుగా కూకోబెట్టి. అందుకే ఎల్తన్నాను."

పెద్దమ్మ అంతసేపు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఒక్క మాట కూడా నేను దిద్దవలసింది కనబడలేదు.

జుబేదా గారు కళ్ళు తుడుచుకోలేదు, అలాంటిదేమీ చేయలేదు. కాగితం ముందుకు జరుపుకుని రాశారు. రాస్తూ నాతో అన్నారు, "విచారణ కాగితం బుధవారానికి మీ విద్యాలయానికి చేరుతుంది. జూన్‌లో నిన్ను చేర్చుకోకపోవచ్చు. తెలుసు కదా?"

"తెలుసండి" అన్నాను. నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. బుధవారం చెప్పాల్సింది ఆదివారం చెప్పాను. ఆ నాలుగు రోజులూ అమ్మ ఒంట్లో జ్వరం ఉంది.

కాగితం సరిపోదట. నమ్మినట్టు తేలినవాళ్ళ ముఖం అక్కడికక్కడే లెక్కలో ఎక్కించాలి. ఒక కెమెరా తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు. కొంగు సర్దుకుంది. జుట్టు సర్దుకోబోయి, వేళ్ళు చూసుకుని ఆగింది. నేను వెళ్ళి సర్దాను. ఆ ముఖం ముందే అమ్మ పేరున ఉంది కనుక ఎర్ర దీపం వెలిగింది, జుబేదా గారు తాళం తిప్పి ఆపారు. యంత్రం పేరు అడిగింది, ఊరు అడిగింది, తల్లిదండ్రులను అడిగింది, చేసే పని అడిగింది. పెద్దమ్మ గట్టిగా, అవతల గట్టు మీద ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు చెప్పింది. ఆ తరవాత అది అడిగింది.

"ఈ ముఖం ఇంకెవరికైనా ఉందా?"

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. ఒక్క అడుగు వెనక నేను నిలబడి ఉన్నాను. నన్ను చూసింది. తల దించుకోకుండా ఉండటానికి నా శక్తంతా పట్టింది.

"ఉంది" అంది. "మా సెల్లికి."

"దయచేసి ఉంది లేదా లేదు అని మాత్రమే చెప్పండి" అంది యంత్రం.

"ఉందనే కదా సెప్తన్నాను! సెవుడా నీకు?"

దీపం పచ్చగా మారింది.

గాజు కమాను దగ్గర ఈసారి పెద్దమ్మ ఆగింది. "చంద్రమతి గారూ, శుభ ప్రయాణం" అంది కమాను. ఎవరినో పిలిచారనుకుని పెద్దమ్మ పక్కకు చూసింది. తరవాత, ముప్పయ్యేళ్ళ అలవాటు కదా, అడుగు వేయబోతూ నా వైపు తిరిగింది.

"ఇందు ఎక్కడున్నాదే?"

"భోపాల్‌లో ఉంది పెద్దమ్మా."

"అయితే ఎల్తాను" అని జీడిపప్పు మూట చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది.